ట్యాంకు నిండా పెట్రోలు ఉంటే కారు నిజంగా బరువెక్కుతుందా? మైలేజీ, పికప్పు, ఘాట్ రోడ్డు మలుపుల సంగతి

పానగల్_స్విఫ్ట్
నాది పెట్రోలు స్విఫ్ట్, ట్యాంకు 37 లీటర్లది. బంకుకు వెళ్ళిన ప్రతిసారీ ఫుల్ చేయించడం నా అలవాటు. మా బావమరిది మాత్రం తన కారులో సగానికి మించి ఎప్పుడూ పోయించడు. ట్యాంకు నిండితే ఆ బరువుకు మైలేజీ పడిపోతుందని, పికప్పు తగ్గుతుందని, ఘాటులో మలుపు తిప్పేటప్పుడు వెనుక భాగం బయటికి లాగుతుందని అతని వాదన. శ్రావణంలో దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం వెళ్ళాలనుకుంటున్నాం కాబట్టి ఇంట్లో ఈ వాదన మళ్ళీ మొదలైంది. పెట్రోలు బరువు అసలు ఎంత, దాని ప్రభావం ఎంత అన్నది లెక్కతో చెప్పగలవారు చెప్పండి. నాకు అలా అనిపించింది అనే సమాధానాల కన్నా కారణం తెలిస్తే మేలు.

బత్తాయి_తోట
మీ బావమరిది చెప్పింది నిజమే. ఫుల్ చేయించుకుని బంకు దాటగానే మా ఆల్టో రెండో గేరులో మందంగా కదులుతుంది. ఏసీ వేసుకుని నలుగురం కూర్చుంటే ఇక చెప్పనక్కరలేదు.

పాలమూరు_చక్రం
ఏసీ ఉందని, నలుగురు కూర్చున్నారని మీరే చెప్పారు కదా బత్తాయి_తోట గారూ. నలుగురు మనుషులంటే 250 కిలోల పైమాట. దాన్ని వదిలేసి పెట్రోలును నిందించడం న్యాయం కాదు.

దేవరకొండ_లెక్కలు
ముందు బరువు సంగతి తేలిస్తే మిగతాది సులువవుతుంది. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి కానీ లీటరు పెట్రోలు అంత తూగదు. మన దేశంలో అమ్మే పెట్రోలు 15 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర లీటరుకు 720 నుంచి 775 గ్రాముల మధ్య ఉండాలన్నది ప్రమాణం. 750 గ్రాములు అనుకుంటే 37 లీటర్ల బరువు 28 కిలోలకు కొంచెం తక్కువ, సగం ట్యాంకు బరువు 14 కిలోలు.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఫుల్ చేయించినవారు ఆ 28 కిలోలను దారి పొడవునా మోయరు. బండి నడిచేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది కాబట్టి, దాదాపు ఖాళీ అయ్యేదాకా నడిపేవారు సగటున మోసేది 14 కిలోలే. సగం వరకే పోయించి ఖాళీ అయ్యేదాకా నడిపేవారు సగటున 7 కిలోలు మోస్తారు. అంటే మీకూ మీ బావమరిదికీ మధ్య నిజమైన తేడా 7 కిలోలు మాత్రమే.

దీన్ని మైలేజీలోకి మారుద్దాం. సుమారు 45 కిలోల అదనపు బరువుకు మైలేజీ 1 శాతం వరకు తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ అక్కడి వాహనదారులకు చెబుతుంది. ఆ లెక్కన 7 కిలోలకు తగ్గేది 0.15 శాతం. మీ కారు లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే లీటరుకు 30 మీటర్లు పోతాయి, 37 లీటర్లు కాలేసరికి కిలోమీటరుకు కాస్త పైన. సగం సగం పోయించేవారు అన్ని లీటర్లకు రెండుసార్లు బంకుకు వెళ్ళాలి. ఆ రెండోసారి కోసం కిలోమీటరు అటు, కిలోమీటరు ఇటు తిరిగారంటే మిగిల్చుకున్నదంతా ఆ తిరుగుడుకే ఖర్చయిపోతుంది.

గడియారస్తంభం
బంకు రోజూ వెళ్ళే దారిలోనే ఉంటే?

దేవరకొండ_లెక్కలు
అప్పుడు ఆ లాభం మీకే మిగులుతుంది. దాని విలువ ట్యాంకుకు ఐదారు రూపాయలు.

రేసింగ్_పాలమూరు
దేవరకొండ సార్ లెక్క రోడ్డు మీది కారుకు సరిపోతుంది. కానీ ఇంధనం బరువుకు విలువే లేదన్న అభిప్రాయం ఈ చర్చలో స్థిరపడకూడదు కాబట్టి రాస్తున్నాను. ఫార్ములా వన్‌లో 2010 నుంచి రేసు మధ్యలో ఇంధనం నింపడం నిషేధం. మన దేశంలో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 వరకు జరిగిన మూడు రేసులూ ఆ నిషేధం వచ్చిన తర్వాతివే. రేసుకు కావలసిన ఇంధనమంతా మొదటి ల్యాపులోనే (ట్రాకు చుట్టూ ఒక చుట్టును ల్యాపు అంటారు) మోసుకుని బయలుదేరాలి. 2019 నుంచి 2025 వరకు రేసుకు 110 కిలోల దాకా వాడుకోవచ్చన్నది నియమం. అక్కడ ఇంధనాన్ని లీటర్లలో కాకుండా కిలోల్లో కొలుస్తారంటేనే బరువుకు వారిచ్చే ప్రాధాన్యం తెలుస్తుంది. ట్రాకును బట్టి కొంత మారినా, ప్రతి 10 కిలోలకు ల్యాపుకు సుమారు 0.3 సెకన్లు పోతాయన్నది ఆ రంగంలో అందరూ వాడే లెక్క. ఆ ప్రకారం నిండు ట్యాంకుతో బయలుదేరిన కారు, దాదాపు ఖాళీ ట్యాంకుతో ఉన్న అదే కారు కన్నా ల్యాపుకు మూడు సెకన్లకు పైగా వెనుకబడుతుంది. పోల్ పొజిషన్, అంటే రేసును అందరికన్నా ముందు నుంచి మొదలుపెట్టే చోటు, సెకనులో పదోవంతు తేడాతో చేతులు మారే ఆటలో మూడు సెకన్లంటే చాలా పెద్ద సంగతి.

ఇంకో విశేషం ట్యాంకు ఉండే చోటు. దాన్ని డ్రైవరు వీపు వెనుక, ఇంజనుకు ముందు, అంటే దాదాపు కారు నడిబొడ్డున పెడతారు. 110 కిలోలు క్రమంగా ఖాళీ అవుతున్నా ముందు, వెనుక చక్రాల మధ్య బరువు పంపకం పెద్దగా మారకుండా ఉండడానికే ఈ ఏర్పాటు.

పాలమూరు_చక్రం
రేసింగ్ తమ్ముడూ, బాగా చెప్పావు. అయితే ఆ కారు బరువెంత?

రేసింగ్_పాలమూరు
2022 నుంచి 2024 వరకు డ్రైవరుతో కలిపి కనీస బరువు 798 కిలోలు. 110 కిలోలంటే అందులో దాదాపు 14 శాతం. స్విఫ్ట్‌లో డ్రైవరును కలుపుకుంటే 28 కిలోలు 3 శాతం లోపే. తేడా అంతా ఆ నిష్పత్తిలోనే ఉంది. ఖాళీ ట్యాంకుతో 12 సెకన్లలో గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకునే కారు నిండు ట్యాంకుతో 12.3 సెకన్లు తీసుకుంటుంది. స్టాప్‌వాచీకి అది తెలుస్తుంది కానీ మన నడుముకు తెలియదు.

బత్తాయి_తోట
నా నడుముకు తెలుస్తుందనే నేను ఇప్పటికీ అంటాను. ఆల్టో 800 చిన్న ఇంజను, ఒంటరిగా నడిపేటప్పుడు దాని బరువూ తక్కువే. స్విఫ్ట్‌కు చెప్పిన శాతం దీనికి వర్తించదు.

దేవరకొండ_లెక్కలు
శాతం కొంచెం పెరుగుతుందన్నది నిజమే, ఒప్పుకోవాల్సిందే. ఆల్టో 800 ట్యాంకు 35 లీటర్లు, అంటే 26 కిలోలు. మనిషితో కలిపి కారు 800 కిలోలనుకుంటే 3 శాతానికి కాస్త పైన వస్తుంది. చిన్న కారులో తేడా ఎక్కువగా తెలుస్తుందన్న మీ మాట సరైన దిశలోనే ఉంది కానీ, రెండో గేరులో మందంగా కదలడానికి ఆ 3 శాతం ఒక్కటే కారణమై ఉండదని నా అభిప్రాయం. పరీక్షించడం కూడా తేలికే. ఈసారి ఫుల్ చేయించిన రోజున ఏసీ ఆపి, ఒక్కరే, అదే రోడ్డు మీద నడిపి చూడండి. ట్యాంకు అడుగంటాక 25 కిలోల బియ్యం బస్తా ఒకటి వెనుక సీటు మీద పెట్టుకుని మళ్ళీ నడపండి. రెండూ ఒకేలా అనిపించాలి.

జడ్చర్ల_మెకానిక్
మలుపుల్లో వెనుక భాగం లాగుతుందన్న ప్రశ్నకు ఎవరూ సమాధానం ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తాను. మన చిన్న కార్లలో చాలావాటికి ట్యాంకు వెనుక సీటు కిందే, వెనుక ఇరుసుకు కొంచెం ముందే ఉంటుంది. వెనుక సీటు కుషన్ ఎత్తితే నేల రేకు మీద గుండ్రటి మూత ఒకటి కనిపిస్తుంది. ఆ మూత కింద పెట్రోలు పంపు, గేజీకి లెక్క చెప్పే తేలుడు బుర్ర ఉంటాయి. మీరు కూర్చునే చోటికి జానెడు కిందే ట్యాంకు ఉందన్నమాట. 28 కిలోల్లో సుమారు మూడు వంతులు వెనుక చక్రాల మీద, ఒక వంతు ముందు చక్రాల మీద పడతాయి. వెనుక స్ప్రింగులు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే కుంగుతాయి.

ట్యాంకు అంత కింద ఉండడం వల్ల ఇంకో మేలు కూడా జరుగుతుంది. కారు గరిమనాభి (మొత్తం బరువు కేంద్రీకృతమైనట్టుండే చోటు) కన్నా దిగువన బరువు చేరినప్పుడు ఆ నాభి కొద్దిగా కిందికే దిగుతుంది. కాబట్టి నిండు ట్యాంకుతో కారు మలుపులో ఒక పక్కకు ఒరగడం పెరుగుతుందన్నది ఆధారం లేని భయం. అదే 28 కిలోలను పై క్యారియరు మీద కట్టి మలుపు తిప్పి చూడండి, అప్పుడు తేడా స్టీరింగులోనే తెలుస్తుంది. ఘాటులో వెనుక భాగం ఊగుతోందని మా దగ్గరికి వచ్చే బండ్లలో పెట్రోలు వల్ల ఊగినది ఒక్కటీ కనిపించలేదు. ఎక్కువగా టైర్లలో గాలి తక్కువగా ఉంటుంది, కొన్నిటికి వెనుక షాకబ్జార్బర్లు నూనె కార్చి ఉంటాయి, కొన్నిటికి ఇరుసు బుష్షులు అరిగి ఉంటాయి.

పానగల్_స్విఫ్ట్
మెకానిక్ అన్నా, మరి బ్రేకు దూరం పెరగదా?

జడ్చర్ల_మెకానిక్
దానికి దేవరకొండ సార్ నా కన్నా బాగా చెబుతారు.

దేవరకొండ_లెక్కలు
బరువు పెరిగితే ఆపాల్సిన శక్తి పెరుగుతుంది, అదే నిష్పత్తిలో టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టు కూడా పెరుగుతుంది. బ్రేకులు చక్రాన్ని లాకయ్యే దాకా పట్టగలిగినంత కాలం ఆగే దూరంలో చెప్పుకోదగిన తేడా రాదు. పెరిగేది బ్రేకుల్లో పుట్టే వేడి. మీ కారులో ఐదుగురు, సామాను కలిపితే దాదాపు 1,300 కిలోలు. అందులో 28 కిలోల వాటా 2 శాతం. దోమలపెంట దాటాక కృష్ణ వైపు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా ఉండాలంటే ఆ 2 శాతం గురించి ఆలోచించే బదులు రెండో గేరులోనో మూడో గేరులోనో పెట్టి ఇంజను పట్టుతోనే దించండి.

ఇక ఘాటు ఎక్కే సంగతి కూడా చెబుతాను. 300 మీటర్ల ఎత్తు ఎక్కుతారనుకుందాం. సగం ట్యాంకు కన్నా నిండు ట్యాంకులో అదనంగా ఉన్న 14 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి 41 కిలోజౌళ్ళు. ఇంజను పెట్రోలులోని శక్తిలో నాలుగో వంతునే చక్రాలకు అందిస్తుందనుకున్నా 165 కిలోజౌళ్ళు ఖర్చవుతాయి. లీటరు పెట్రోలులో 32,000 కిలోజౌళ్ళకు పైగా ఉంటాయి. అంటే మొత్తం ఘాటుకు ఐదు మిల్లీలీటర్లు. దగ్గు మందు చెంచా పట్టేంత.

గడియారస్తంభం
ఐదు మిల్లీలీటర్ల కోసం బావాబావమరుదులు మాట్లాడుకోవడం మానేయకండి!

మన్ననూరు_ట్యాక్సీ
ఆ దారిలో బండి నడిపేవాడిగా చెబుతున్నాను, దయచేసి సగం ట్యాంకుతో అడవిలోకి రాకండి. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ రోడ్డు మూసేస్తారు. ఫర్హాబాద్, వటవర్లపల్లి దాటి దోమలపెంట దాకా చాలాచోట్ల ఫోను సిగ్నలు కూడా అందదు. సెలవు రోజుల్లో, పండుగల్లో ఘాటు మీద బండ్లు గంటల తరబడి నిలిచిపోతాయి. ఏసీ నడుస్తూ ఇంజను ఆగకుండా ఉంటే పెట్రోలు ఎంత తాగుతుందో అప్పుడు తెలుస్తుంది. డిండి దగ్గరో అచ్చంపేటలోనో ఫుల్ చేయించుకుని రండి. బరువు సంగతి బండి చూసుకుంటుంది.

జడ్చర్ల_మెకానిక్
మన్ననూరు అన్న చెప్పినదానికి ఒక కారణం కలుపుతాను. ట్యాంకు నిండా ఉంటే వచ్చే నష్టం చెంచాల్లో ఉంటే, అడుగంటితే వచ్చే నష్టం వేలల్లో ఉంటుంది. పంపు ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండాలి, దానికి చల్లదనం ఇచ్చేది ఆ పెట్రోలే. ఎప్పుడూ రిజర్వు మీద నడిపే బండ్లకు పంపులు త్వరగా పోతాయి. పైగా ఘాటులో ఎత్తు ఎక్కుతూ ఒకే వైపు పొడవైన మలుపు తిరిగేటప్పుడు మిగిలిన నాలుగైదు లీటర్లూ ట్యాంకులో ఒక మూలకు చేరతాయి. పంపు చుట్టూ పెట్రోలు నిలవడానికి చిన్న గిన్నె లాంటి ఏర్పాటు ఉంటుంది కానీ మరీ అడుగంటినప్పుడు అదీ చాలదు. పంపు గాలి పీలుస్తుంది, ఇంజను ఒక్కసారి ఎగిసి ఆగిపోతుంది.

అలా మలుపులో ఇంజను ఆగితే స్టీరింగు బిగుసుకుపోతుంది. పెడలును తేలిక చేసే బ్రేకు బూస్టరులో మిగిలిన వాక్యూముతో రెండు మూడుసార్లు మాత్రమే పెడలు మెత్తగా పడుతుంది, ఆ తర్వాత రెండు కాళ్ళతో తొక్కినా బరువుగానే ఉంటుంది. అందుకే ఇంజను ఆగినప్పుడు పెడలును పంపు కొట్టినట్టు తొక్కకుండా, ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకుని, పక్కకు ఆపి హ్యాండ్ బ్రేకు వేయాలి.

నాగర్‌కర్నూల్_కొత్తబండి
సగం ట్యాంకు ఉన్నప్పుడు స్పీడు బ్రేకరు దాటితే వెనుక సీటు కింద గలగల శబ్దం వస్తుంది. ఇంజను ఆపి సిగ్నలు దగ్గర నిలబడినప్పుడు అయితే స్పష్టంగా వినిపిస్తుంది. ఫుల్ ఉంటే వినిపించదు. ఆ ఊగుడు వల్ల కారు అదుపుకు ఏమైనా నష్టమా?

పాలమూరు_చక్రం
నిండుకుండ తొణకదని పెద్దలు ఊరికే అన్నారా! సగం ఉన్నప్పుడే అటూ ఇటూ పరిగెత్తడానికి జాగా ఉంటుంది. అయినా మన కార్లలో అది 14 కిలోల వ్యవహారం, ట్యాంకు లోపల అడ్డుపలకలు ఉండి కెరటాన్ని విరిచేస్తాయి. శబ్దం తప్ప చేతికి ఏమీ తెలియదు.

మునుగోడు_ట్రాక్టరు
కారుకు తెలియకపోవచ్చు కానీ ఈ ఊగుడును చిన్నచూపు చూడకండి. ఫ్లోరైడు కాలంలో మా ఊళ్ళకు మంచినీళ్ళు ట్రాక్టరు ట్యాంకర్ల మీదే వచ్చేవి. ఐదు వేల లీటర్ల ట్యాంకరు నిండా ఉన్నప్పుడు ఐదు టన్నులు, అయినా అది ఒక దిమ్మలా నిలకడగా వస్తుంది. రెండు వీధుల్లో నీళ్ళు పోసి సగం మిగిలిన ట్యాంకరుతో చెరువు కట్ట మలుపు తిరిగేటప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. రెండున్నర టన్నుల నీళ్ళు మలుపుకు బయటి వైపు ఎగబాకుతాయి, బరువు ఆ పక్క చక్రం మీదికి జరుగుతుంది. బ్రేకు వేస్తే ముందు గోడను కొట్టి, ట్రాక్టరును వెనుక నుంచి నెడతాయి. స్థానికంగా చేయించే ట్యాంకర్లలో అడ్డుపలకలు పెట్టించని సందర్భాలు చూశాను. సగం ట్యాంకరుతో నిండు ట్యాంకరు కన్నా నెమ్మదిగా వెళ్ళాలని నేర్చుకునే కుర్రాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే బరువు తగ్గింది కదా అని వాళ్ళు అప్పుడే వేగం పెంచుతారు.

కోదాడ_లారీ
మునుగోడు అన్న చెప్పింది అక్షరాలా నిజం. చర్లపల్లి డిపోల నుంచి మన బంకులకు వచ్చే పెట్రోలు ట్యాంకర్లను చూడండి, లోపల వేరు వేరు అరలు ఉంటాయి. ఒక బంకులో ఒక అర పూర్తిగా దించి తర్వాతి బంకుకు వెళతారు. మిగిలిన అరలు నిండుగానే ఉంటాయి కాబట్టి ఊగుడు తక్కువ. పాల ట్యాంకర్లలో లోపలంతా కడగాలి కనుక అడ్డుపలకలు లేకుండా చేసేవీ ఉంటాయి. వాటిని నడిపేవారు బ్రేకు మీద కాలు పెట్టే తీరే వేరు.

ఇక డీజిలు సంగతి. డీజిలు పెట్రోలు కన్నా బరువు, లీటరు సుమారు 830 గ్రాములు. లారీ ట్యాంకు 300 లీటర్లనుకుంటే 250 కిలోలు. కారు వాళ్ళకు అది పెద్ద అంకె, ముప్పై టన్నుల బండికి అది ఒక శాతం కూడా రాదు. అయినా కాటా దగ్గర ఆ 250 కిలోలకు విలువ ఉంది. అనుమతించిన బరువు అంచున లోడు వేసుకున్నవాడికి ట్యాంకు నిండా ఉండడం, సగం ఉండడం మధ్య 125 కిలోల తేడా కాటా చీటీలో పడుతుంది. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం ఎత్తేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకునే డ్రైవర్లున్నారు.

మక్తల్_సరిహద్దు
మా వైపు ఈ చర్చకు ఇంకో కోణం ఉంది. కృష్ణ దాటి రాయచూరు వైపు వెళితే లీటరు ధర మన కన్నా కొన్ని రూపాయలు తక్కువ. పని మీద అటు వెళ్ళిన ప్రతివాడూ తిరుగు ప్రయాణంలో ఫుల్ చేయించుకునే వస్తాడు. లీటరుకు నాలుగు రూపాయల తేడా అనుకున్నా 35 లీటర్లకు 140 రూపాయలు. దేవరకొండ సార్ చెప్పిన బరువు నష్టం ఐదారు రూపాయలు. ఇందులో ఆలోచించాల్సిందేముంది?

కోదాడ_లారీ
మా వైపు అదే తిరగేసి ఉంటుంది. ఆంధ్రలో ధర ఎక్కువ కనుక విజయవాడ వెళ్ళే బండ్లు కోదాడలోనే నింపుకుని సరిహద్దు దాటతాయి.

దేవరకొండ_లెక్కలు
పని మీద వెళ్ళినప్పుడు సరే. ధర కోసమే ప్రత్యేకంగా అంత దూరం వెళ్ళివస్తే ఆ 140 రూపాయలు దారిలోనే కాలిపోతాయి. క్యాన్లలో నింపి డిక్కీలో పెట్టుకుని రావడం మాత్రం ఎవరూ చేయకండి. మూసిన కారులో పెట్రోలు ఆవిరి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు.

సీఎన్‌జీ_వ్యాగనార్
అందరూ పెట్రోలు గురించే మాట్లాడుతున్నారు, మా కష్టం కూడా వినండి. నాది సీఎన్‌జీ వ్యాగనార్, డిక్కీలో నీళ్ళు పోస్తే 60 లీటర్లు పట్టేంత ఉక్కు సిలిండరు. అందులో పట్టే గ్యాసు ఎనిమిది తొమ్మిది కిలోలే కానీ, సిలిండరు, దాని బిగింపులు, మిగతా సామాను కలిసి మామూలు పెట్రోలు వ్యాగనార్ కన్నా 80 కిలోలకు పైగా బరువు ఎక్కువ. గ్యాసు అయిపోయినా ఆ బరువు దిగదు. భూత్పూర్ దాటాక ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు ఐదో గేరు నిలవదు, నాలుగుకు దించాల్సిందే.

జడ్చర్ల_మెకానిక్
ఇంధనం వల్ల నడకలో మార్పు వచ్చే కారు ఏదైనా ఉందంటే అది ఇదే. పెట్రోలు ట్యాంకు ఇరుసుకు ముందు ఉంటే మీ సిలిండరు ఇరుసుకు వెనుక ఉంది. ఇరుసుకు అర మీటరు వెనుక 80 కిలోలు పెట్టారనుకోండి, వెనుక చక్రాల మీద పడేది 80 కాదు, దాదాపు 96 కిలోలు. ఆ అదనపు 16 కిలోలు ముందు చక్రాల మీది నుంచి ఎత్తుకున్నవి. ఈ కారును లాగేవీ, తిప్పేవీ రెండూ ముందు చక్రాలే కదా. అందుకే గులక రాళ్ళ ఎత్తు మీద ముందు టైరు ఒట్టిగా తిరగడం, వానలో స్టీరింగు కొంచెం తేలికగా అనిపించడం జరుగుతాయి. కంపెనీ నుంచి వచ్చిన సీఎన్‌జీ బండికి వెనుక స్ప్రింగులు తగినట్టుగా మార్చి ఇస్తారు. బయట కిట్టు బిగించుకుని పాత స్ప్రింగులతోనే నడిపేవారికి ఇబ్బంది ఎక్కువ. అయితే ఐదో గేరు నిలవకపోవడానికి బరువొక్కటే కారణం కాదు. గ్యాసు మీద ఇంజను బలమే కొంత తగ్గుతుంది.

సీఎన్‌జీ_వ్యాగనార్
వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు అన్నా. సిలిండరు పరీక్ష గడువు దగ్గర పడింది, ఆ పనితోపాటే స్ప్రింగులు కూడా చూపిస్తాను. చూసేవారి కోసం చెబుతున్నాను, మూడేళ్ళకోసారి హైడ్రో టెస్టు, అంటే నీటి ఒత్తిడితో సిలిండరు పరీక్ష, తప్పనిసరి.

రేసింగ్_పాలమూరు
కంపెనీలకు కూడా ఈ ఇబ్బంది తెలుసు. టాటా 2023లో ఆల్ట్రోజ్‌లో ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్న సిలిండర్లను డిక్కీ నేల కింద పెట్టింది. సామానుకు చోటు మిగలడంతోపాటు బరువు కిందికి దిగింది.

విద్యుత్_వనపర్తి
ఎలక్ట్రిక్ కారు నడిపేవారికి ఈ ప్రశ్నే రాదు. బ్యాటరీ నిండా ఉన్నా అడుగంటినా బరువు అదే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు కార్లు బయలుదేరిన బరువుతోనే గమ్యం చేరాయి, ఫార్ములా వన్‌లో మాదిరి చివరి ల్యాపులకు తేలిక కావడం అక్కడ ఉండదు.

బత్తాయి_తోట
అంటే ఎప్పుడూ బరువే మోస్తారన్నమాట. వందల కిలోల బ్యాటరీ కదా?

విద్యుత్_వనపర్తి
మోస్తాం, కానీ ఆ బరువు నేలబారుగా, రెండు ఇరుసుల మధ్య పరుచుకుని ఉంటుంది. మలుపులో కారు ఒరగకుండా నిలబడటానికి అదే కారణం. దిగుడులో బ్రేకు వేసినప్పుడు ఆ బరువు ఎక్కడానికి తిన్న శక్తిలో కొంత తిరిగి బ్యాటరీకి చేరుతుంది కూడా. పెట్రోలు కారుకు ఆ సౌకర్యం లేదు.

పానగల్_స్విఫ్ట్
ఇంత వివరంగా చెప్పిన అందరికీ ధన్యవాదాలు. మా బావమరిదికి ఈ చర్చంతా చదివి వినిపించాను. సగటు బరువులో తేడా 7 కిలోలే అన్న లెక్కను కాగితం మీద వేసుకుని చూసి ఒప్పుకున్నాడు. అయితే ఫుల్ చేయించేటప్పుడు పంపు టక్కున ఆగాక కూడా రౌండు ఫిగరు కోసం ఇంకొంచెం పోయమంటాం కదా, అది మాత్రం తప్పని పట్టుబడుతున్నాడు. అది కూడా బరువు గురించేనా? ఇంకా, ఐదుగురం సామానుతో వెళుతున్నాం కాబట్టి టైరు గాలి మార్చాలా?

జడ్చర్ల_మెకానిక్
ఈ విషయంలో మీ బావమరిది మాటే సరైనది, కారణం మాత్రం బరువు కాదు. పంపు తనంతట ఆగిన తర్వాత ట్యాంకు పైభాగంలో కొంత ఖాళీ మిగులుతుంది, అది ఆవిరి కోసం వదిలిన చోటు. పెట్రోలు నేల లోపలి ట్యాంకు నుంచి చల్లగా వస్తుంది. మన నల్లగొండ ఎండలో కారు నిలిపితే 18 డిగ్రీలు వేడెక్కినా 37 లీటర్లు అర లీటరుకు పైగా ఉబ్బుతాయి. ఆ చోటును కూడా నింపేస్తే పెట్రోలు ఆవిరి గొట్టం గుండా బొగ్గు డబ్బాలోకి వెళుతుంది. ఆవిరిని మాత్రమే పీల్చుకోవలసిన ఆ బొగ్గు ద్రవంలో తడిస్తే పాడవుతుంది, కొత్త డబ్బా వేయించాలి. మొదటిసారి టక్కుమన్నాక మూత పెట్టించేయండి, చిల్లర ఫోనులో చెల్లిస్తే రౌండు ఫిగరు అవసరమే రాదు.

టైరు గాలి తప్పకుండా మార్చాలి. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద చీటీ ఉంటుంది, అందులో ఇద్దరికి ఒక అంకె, నిండు బండికి ఒక అంకె రాసి ఉంటాయి. వెనుక టైర్లకు నిండు బండి అంకె వరకు, బండి చల్లగా ఉన్నప్పుడే, ఊళ్ళో ఉండగానే కొట్టించండి. దేవరకొండకు చేరాక టైర్లు వేడెక్కి మీటరు ఎక్కువ చూపిస్తుంది, అక్కడ చూసి గాలి తీయించకండి.

దేవరకొండ_లెక్కలు
నాలుగు టైర్లలో సగటున ఒక్క పాయింటు (పీఎస్ఐ) గాలి తగ్గినా మైలేజీ 0.2 శాతం వరకు పడిపోతుంది. నేను మొదట చెప్పిన 7 కిలోల నష్టం కన్నా అది ఎక్కువ.

మన్ననూరు_ట్యాక్సీ
పానగల్ తమ్ముడూ, సాయంత్రం బయలుదేరితే 9 లోపు చెక్‌పోస్టు అందుకోవడం కష్టం, తెల్లవారుజామున బయలుదేరండి. వానాకాలం కాబట్టి ఘాటులో పొగమంచు ఉంటే లైట్లు డిమ్ములోనే ఉంచండి. పై క్యారియరు మీద ఏమీ కట్టకండి, సామానంతా డిక్కీలో సర్దుకోండి.